సరస్సులు ఎవరి సొత్తు?

యాత్ర యనగానే మన యిండ్లలో రెండే ప్రయోజనములు స్ఫురించును: పుణ్యము, బంధుదర్శనము. కాశికి పోయినవారిని పొగడుదుము. కూతురి పురిటికి పోయినవారిని మెచ్చుకొందుము. కేవలము కొండలను, నీటిని చూచుటకై డబ్బు వెచ్చించి పోయితిమనినచో, "ఏమి చూచివచ్చిరి? నీళ్లే గదా!" అని నవ్వువారే యెక్కువ. ఆడవారు అట్లు పోయినయెడల ఆ నవ్వునకు కొంచెము మందలింపు కూడ తోడగును. నీటిని చూచివచ్చుట నిజముగా వ్యర్థమా? ఇంగ్లండు దేశపు సరోవరసీమలో ఒక దినము తిరిగి వచ్చిన పిమ్మట ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

నా కుమార్తె మాంచెస్టరు నగరమున ఉద్యోగము చేయుచున్నది. బడిపంతులమ్మగా 30 ఏండ్లు పనిచేసి విశ్రాంతి పొందిన నేను ఆమె యింట కొన్ని నెలలు గడపితిని. ఒక శనివారము ప్రాతఃకాలమున మేమిద్దరము రైలెక్కి విండర్మియరు చేరి, స్టేషను వెలుపల సిద్ధముగా నున్న చిన్న బస్సులో కూర్చుంటిమి. అందు పదునార్గురకు మించి చోటు లేదు. బస్సు నడపువాడే మాకు మార్గదర్శి. కన్ను దారిమీద నుంచి, నోట కథలు చెప్పుచు, దినమంతయు మమ్ము త్రిప్పెను. "అమ్మా, నీవు ముందు కూర్చో, చెప్పునది బాగుగా వినబడును" అని నా కుమార్తె నన్ను అతని వెనుకనే కూర్చుండబెట్టెను.

మా బండిలో డెబ్బది యేండ్లు దాటిన యొక స్త్రీ ఒంటరిగా వచ్చినది. "వెంట ఎవరు వచ్చిరి?" అని యామెను ఎవరును అడుగలేదు. దారి వెదకుకొను చింత లేదు. చీకటిపడక మునుపే తిరిగి చేర్తుమను ధైర్యమున్నది. ఇట్టి యేర్పాటును తేలికగా చూచువారున్నారు. మార్గదర్శి వెంట మందగా పోవుట యేమి యాత్ర యని వారు వెక్కిరింతురు. గడప దాటుటకు తోడు కావలెనని నేర్పబడి పెరిగిన స్త్రీలకు మాత్రము, తోడు లేకయే లోకమును చూపు ఏర్పాటు చిన్న మేలు కాదు.

ఈ సీమ ఇంగ్లండునకు వాయవ్యమున నున్నది. ఇక్కడి సరస్సులను తొలిచినది మంచు. పదివేల యేండ్లకు పైబడిన కాలమునకు పూర్వము మంచునదులు కొండలమీదినుండి మెల్లగా జారుచు లోయలను ఒరసి లోతుచేసినవి. మంచు కరగినప్పుడు ఆ పల్లములలో నీరు నిలిచినది. అందుచేత ఇవి సన్నగా పొడవుగా నుండును. విండర్మియరు పొడవు 17 కిలోమీటర్లు. వెడల్పు 2 కిలోమీటర్లకు లోపుననే. ఇంగ్లండునందలి సహజ సరస్సులలో నిదియే పెద్దది. మార్గదర్శి మమ్ము ఒక పొడుపుకథ యడిగెను: "సరోవరసీమలో లేకులు ఎన్ని?" ఒకరు పది యనిరి, ఒకరు పదునారు అనిరి. "ఒక్కటే!" అని యతడు నవ్వెను. బాసెంత్‌వెయిటు అను సరస్సు పేరు మాత్రమే లేకు అను మాటతో ముగియును. తక్కిన పెద్ద సరస్సుల పేర్లన్నియు మియరు, వాటరు అను పాత మాటలతో ముగియును. మన యొద్దను చెరువు, కుంట, మడుగు, కోనేరు అను మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు నీటిని చెప్పును గదా. ఆ మాటలు మరచిన చోట నీటినిగూడ మరచుచున్నాము.

రైడల్ వాటరు, గ్రాస్మియరు అను రెండు చిన్న సరస్సుల యొడ్డున బస్సు సాగెను. గ్రాస్మియరు గ్రామమున కవి వర్డ్స్‌వర్తు 1799 మొదలు 1808 వరకు నివసించిన చిన్న యిల్లున్నది. ఆయన చెల్లెలు డరోతి తన దినచర్యలో, 1802లో అన్నాచెల్లెండ్రు మరియొక సరస్సు గట్టున చూచిన పసుపుపువ్వులను వర్ణించినది. పిమ్మట అన్న వ్రాసిన గీతమును లోకమెల్ల నెరుగును. అందులోని చూపునందు చెల్లెలి పాలెంతయో ఎరిగినవారు తక్కువ.

ఆ కవి ఈ సీమకు వచ్చు బాటసారులకై వచనమున ఒక దర్శిని కూడ వ్రాసెను. ఈ యందము కొందరు భూస్వాముల యాస్తి మాత్రమే కాదనియు, దానిని గ్రహింపగల వారందరికిని అందు భాగమున్నదనియు అందు ఆయన వాదించెను. ఎంత యుదారమైన మాట! కాని 1844లో ఇక్కడికి రైలుదారి వేయబూనినప్పుడు ఆయనయే పత్రికలలో వ్యతిరేకించెను. పనివాండ్రను గుంపులుగా తెచ్చి దించినంత మాత్రమున, శిక్షణ లేని వారి మనస్సులకు ఈ యందము పట్టువడదని ఆయన తలంపు. రైలు 1847లో వచ్చియే తీరినది; మేము వచ్చినదియు ఆ దారినే.

ఆ కవియెడ నాకు గౌరవము కలదు. ఈ తలంపుతో మాత్రము ఏకీభవింపజాలను. అక్షరము రాని బిడ్డకు పుస్తకమేలయని బడి తలుపు మూసినయెడల ఆ బిడ్డకు అక్షరమెప్పుడు వచ్చును? అందమును గ్రహించుటయు నొక చదువే. చూడనివారికి అది యెట్లు అబ్బును? మన దేశమునను ఆడవారిని గూర్చియు, కూలివారిని గూర్చియు ఈ వాదమునే చాలకాలము వినియుంటిమి: వారికి రుచి లేదు గావున వారికి చూపనక్కరలేదు, వారికి చూపలేదు గావున వారికి రుచి లేదు.

గ్రాస్మియరు దాటి కొండ యెక్కి దిగగానే థర్ల్‌మియరు కనబడెను. ఇది యొకప్పుడు చిన్న సరస్సు. మాంచెస్టరు నగరపాలకులు 1879లో శాసనము పొంది, ఆనకట్ట కట్టి, నీటిమట్టమును పెంచి, 1894లో ఈ నీటిని నగరమునకు చేర్చిరి. 150 కిలోమీటర్లకు మించిన ఆ దూరము నీరు యంత్రము తోడకయే వాలుచేత పారును. గట్టుననున్న కొన్ని యిండ్లును పొలములును మునిగినవి. "అమ్మా, మన యింటి కొళాయిలో వచ్చునది ఈ నీరే" అని నా కుమార్తె మెల్లగా ననెను. అంతదాక మునిగిన పల్లెకై జాలిపడుచున్న నేను ఆ మాటతో మౌనము వహించితిని. నగరమున ఇరుకు వీధుల పనివారికి మంచినీరు కావలెననుట అన్యాయమా? కాదు. పల్లెవారి గోడు అబద్ధమా? అదియు కాదు. సరస్సు నీరు త్రాగువారును, దాని యొడ్డున బ్రతుకువారును, దానిని చూచి మురియువారును, అందరును దానికి హక్కుదారులే. ఈ హక్కులను తూచువా రెవరు?

ఆ ప్రశ్నకు ఒక జవాబును మధ్యాహ్నము డెర్వెంట్‌వాటరుమీద లాంచిలో పోవుచు వింటిని. కెస్విక్ పట్టణపు రేవున కొయ్యతో కట్టిన లాంచి నెక్కితిమి. అది సరస్సు చుట్టును ఒక్కొక్క రేవున ఆగుచు, నడువదలచినవారిని దించుచు, నడచి యలసినవారిని ఎక్కించుకొనుచు పోవును. నీటిమీద చిన్న దీవులు, వాని వెనుక ఓకుచెట్లు, ఆపై రాతికొండలు. గాలి ఆగినప్పుడు కొండ తలక్రిందుగా నీటిలో నిలుచును. పడమటి గట్టును చూపి మార్గదర్శి చెప్పినది యిది: బ్రాండెల్‌హౌ అను నా చోటు అమ్మకమునకు రాగా, ఎవరో కొని విడిది యిండ్లు కట్టుకొందురను భయము కలిగెను. అప్పటికి నేషనల్ ట్రస్టు అను సంస్థ పుట్టి కొన్ని యేండ్లే యైనది. దానిని 1895లో స్థాపించినవారు ముగ్గురు: పేదల యిండ్ల బాగుకై పాటుపడిన ఆక్టేవియా హిల్ అను స్త్రీ, రాన్‌స్లీ అను మతాచార్యుడు, హంటర్ అను న్యాయవాది. వారు ప్రజలను చందాలడుగగా 6,500 పౌనులు చేరెను. 1902లో ఆ గట్టు అందరిదయ్యెను. ఒక పనివాడు, ఒక్కసారి చూచిన ఈ సరస్సును మరువలేకున్నాననియు, అంతకుమించి యియ్యజాలననియు వ్రాసి రెండు షిల్లింగులు పంపెనట.

కవి సందేహమునకు ఆ రెండు షిల్లింగులకంటె మంచి యుత్తరము లేదని నాకు తోచినది. ఏ పనివానికి రుచి లేదనిరో ఆ పనివాడే కూలిడబ్బులో పాలు తీసి, తనవలె రాగల అపరిచితులకై గట్టును నిలిపెను.

సాయంకాలము పలకరాయి గనులుగల హోనిస్టరు కనుమ దాటి బటర్మియరు చేరితిమి. ఇక్కడ ఒక పూటకూటింటివారి కూతురు మేరీ రాబిన్సను. 1792లో ఒక యాత్రికుడు తన పుస్తకమున ఆ పదునేనేండ్ల బాలిక యందమును వర్ణింపగా, సరస్సును చూడవచ్చినవారు ఆమెనుగూడ చూచిపోవ నారంభించిరి. 1802లో హాట్‌ఫీల్డ్ అనువాడు గొప్పవంశీయుడనని చెప్పుకొని, భార్య బ్రతికియుండగనే ఆమెను పెండ్లాడెను. మరుసటి యేడు వానిని ఉరితీసిరి; అయితే ఆడదానిని వంచించినందుకు కాదు, తపాలా ఖర్చు తప్పించుకొనుటకై దొంగ సంతకము చేసినందుకు! ఆ కాలపు చట్టము దేనిని విలువైనదిగా నెంచెనో చదువరులే గ్రహింతురు. మేరీ పిమ్మట ఒక రైతును పెండ్లాడి తన బ్రతుకు తాను బ్రతికినది. చూచుట యను పని యెల్లప్పుడును నిరపాయమైనది కాదని ఆమె కథ నేర్పుచున్నది. చూచు హక్కు మనకున్నంత మాత్రమున, చూడబడునది మనది కాదు.

ఈ సీమయందు అంతయు సుఖమే యని చెప్పను. 1951లో ఇది జాతీయోద్యానమైనది. 2017లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అయినను సెలవుదినముల విడిదికై ధనికులు ఇండ్లు కొనుటచేత ధరలు పెరిగి, ఇక్కడ పుట్టిన బిడ్డలకే ఇక్కడ కాపురముండుట కష్టమైనది. విండర్మియరులో మురికినీటి కాలుష్యమును గూర్చియు, వేసవిలో తేలు విషపు నాచును గూర్చియు పెద్ద యలజడి నడచుచున్నది. అయితే ఆ యలజడి చేయువారున్నారు, అదియే ముఖ్యము. "మాకేల?" యని యూరకుండక, ఆ నీరు తమదని వారు నమ్ముచున్నారు.

నేను పుట్టిన యూరు కొల్లేటి యొడ్డున నున్నది. బాల్యమున మా అమ్మమ్మతో పడవలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోయితిని. తాటిదోనెలమీద చేపలు పట్టువారు, గుంపులుగా వ్రాలు గూడబాతులు, తామరాకులను తొలగించుకొనుచు పోవు పడవ: ఇవి నా కన్నులలో నింకను నున్నవి. బుడమేరు, తమ్మిలేరు వంటి యేరుల వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచుట కొల్లేటి పని. 1999లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించెను; 2002లో అది అంతర్జాతీయముగా రక్షింపదగిన చిత్తడినేలల జాబితా కెక్కెను. అప్పటికే చేపలచెరువుల గట్లు దానిని ముక్కలు ముక్కలుగా కోసివేసినవి. 2006లో ఆ గట్లను పెద్దయెత్తున కొట్టివేసిరి. చాలచోట్ల అవి తిరిగి లేచినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు, నీటికి మనము విడిచిన చోటెంతయో అందరికిని తెలిసినది.

సరస్సును కాచుటయనగా అందు బ్రతుకువారిని వెడలగొట్టుటయని కొందరు తలతురు. అది తప్పు. బాలల కథలు వ్రాసి ప్రసిద్ధిగాంచిన బియాట్రిక్స్ పాటరు 1943లో మరణించినప్పుడు 4,000 ఎకరములకు మించిన భూమిని ట్రస్టునకు విడిచెను. అందలి పొలములను రైతులే సాగుచేయవలెననియు, ఆ సీమకు చెందిన హర్డ్‌విక్ గొఱ్ఱెలమంద లక్కడనే యుండవలెననియు ఆమె కోరిక. కొల్లేటను చిన్న జాలరి వలకు చోటుండవలెను. పోవలసినది పెద్దచేతుల పెద్దగట్టు.

కావున, నీళ్లు చూచివచ్చుట వ్యర్థమా యనువారికి నా మనవి యిది. చూడని దానిని ఎవరును ప్రేమింపరు. ప్రేమింపని దానికై ఎవరును రెండు షిల్లింగు లియ్యరు. మన బిడ్డలను, ముఖ్యముగా ఆడబిడ్డలను, ఏడాదికొక్కమారైనను ఊరి చెరువు చుట్టును నడిపింపుడు. ఎక్కడనుండి నీరు వచ్చును, ఎటు పోవును, గట్టును ఎవరు జరుపుచున్నారు అని యడుగ నేర్పుడు. విదేశముల సరస్సులు దూరమైనవి, ఖర్చుతో కూడినవి. మన చెరువుగట్టునకు టిక్కెట్టు లేదు. అది యింకను మిగిలియున్నంతకాలము.