భుజం మోయగలిగిన పెట్టె

ఆ మధ్య రిటైరైన హెడ్మాస్టరు గారొకరు మా ఆస్పత్రికి వచ్చారు. కుడి చెయ్యి భుజం ఎత్తుకు మించి లేవడం లేదు. చొక్కా తొడుక్కోవాలంటే ఇంట్లోవాళ్ళ సాయం కావలసి వస్తోంది. "ఏదైనా బరువెత్తారా మాస్టారూ?" అని అడిగాను. "అబ్బే, ఏమీ లేదండీ. బెంగుళూరులో మనవణ్ణి చూసి వస్తూ విమానంలో పెట్టె పైన పెట్టాను. అంతే" అన్నారు.

ఆ "అంతే" అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. 2022లో అదే పని చేసి ఏడాది పైగా అవస్థ పడ్డవాణ్ణి నేను. అంచేత ఈ వారం మందుల సంగతి కాస్త పక్కన పెట్టి పెట్టె సంగతి రాస్తున్నాను. ఇదివరకు విమానమంటే కలెక్టర్లకూ, సినిమావాళ్ళకూ అనుకునేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు ఒకచోటా, మనం ఒకచోటా అయ్యేసరికి అరవై దాటినవాళ్ళు కూడా నెలకొకసారి ఎక్కి దిగుతున్నారు.

ఆ ఏడాది ప్రభుత్వ కార్యక్రమం ఒకటి నా నెత్తిన పడింది. నెలకు రెండుసార్లు ఢిల్లీ వెళ్ళేవాణ్ణి. రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కడ విమానం మారి ఢిల్లీ. మధురపూడి విమానాశ్రయం మా ఊరికి ఉత్తరంగా, కోరుకొండ వైపు పొలాల మధ్య వుంటుంది. అక్కణ్ణుంచి నేనెక్కేది ఏటీఆర్ అనే చిన్న విమానం. రెక్కలు కిటికీలకు పైన వుంటాయి కనుక కిందికి చూడ్డానికి అడ్డేమీ వుండదు. పొద్దుటి పూట గోదావరి కనిపించిందంటే, దానిమీద 1974 నాటి రోడ్డు రైలు వంతెనా, 1997లో వచ్చిన విల్లులాంటి వంతెనా, వాడకం మానేసిన పాత హేవలాక్ వంతెనా పక్కపక్కనే పరుచుకుని వుంటాయి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయితే ఆ చిన్న విమానానికొక చిక్కుంది. వెనక తలుపులోంచి ఎక్కాలి. లోపల పై అరలు ఇరుకు. పెట్టె కాస్త లావుగా వుంటే మెట్ల దగ్గరే తీసుకుని సామానుతో పాటు వేస్తారు.

అప్పట్లో నా దగ్గరున్నది మెరిసిపోయే గట్టి పెట్టె. మా మెయిన్ రోడ్డులో ఒక దుకాణంలో కొన్నాను. కొట్టువాడు దాని మీద తనే నిలబడి చూపించాడు. అది చూసి నేను పడిపోయాను. ఖాళీ పెట్టె బరువెంతని అడగాలన్న ఆలోచనే రాలేదు. మూడు కిలోల పైచిలుకు! మన దేశంలో మామూలు టిక్కెట్టు మీద చేతిసామానుకు సాధారణంగా ఇచ్చేది 7 కిలోలు. అంటే నా బట్టలకూ, కాగితాలకూ, మందులకూ కలిపి మిగిలింది నాలుగు కిలోలు కూడా లేదు. దానికి తోడు చుట్టూ ఒక అదనపు జిప్పు వుండేది. అది తెరిస్తే పెట్టె ఇంకో రెండంగుళాలు ఉబ్బుతుంది. ఉబ్బే పెట్టెకూ, సడలే లుంగీకీ హద్దుండదు. ఎంత పెట్టినా పడుతూనే వుంటుంది.

ఒకరోజు మధురపూడిలో అది ఉబ్బి వుండగా మెట్ల దగ్గర ఆపారు. తప్పు నాదే. అయితే నా ఇన్సులిన్ పెన్నులు అందులోనే వున్నాయి. సామాను అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం వుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారెయ్యవలసిందే. పెట్టె వేరే విమానంలో పోయిందంటే ఆ పూట మందే వుండదు. అంచేత అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచాను. ఈ గట్టి పెట్టెలు పుస్తకంలా మధ్యకు తెరుచుకుంటాయి కదా. ఒక పక్కనున్న బనియన్లు, తువ్వాలు, వంటి సబ్బు అన్నీ జనం కాళ్ళ దగ్గర పడ్డాయి. నా వెనకున్న వారిలో మా ఆస్పత్రి నర్సమ్మ గారు కూడా వున్నారని తర్వాత తెలిసింది.

అసలు దెబ్బ ఢిల్లీలో తగిలింది. అక్కడి మూడో టెర్మినల్లో ఆ రోజుల్లో నడక పొడుగునా తివాచీ పరిచి వుండేది. కంటికి బాగానే వుండేది గాని చిన్న చక్రాలకు మటుకు బురదలో లాగినట్టే. తిరుగు ప్రయాణంలో ఒక చక్రం ఊడింది. గేటు దూరం, సమయం తక్కువ. పెట్టెను చేత్తో పట్టుకుని నడిచాను. ఆయాసపడుతూ విమానమెక్కి, వెనక జనం తోస్తున్నారన్న తొందరలో, పక్కకు తిరిగి వుండగానే ఒంటి చేత్తో పెట్టెను పైకి విసిరాను. భుజంలో పాత చీర చినిగినట్టు ఏదో అయింది.

భుజపు కీలు మీద నాలుగు చిన్న కండరాల తాళ్ళు టోపీలా కప్పుకుని వుంటాయి. చెయ్యి పైకెత్తేటప్పుడు కీలును అదుపులో పట్టి వుంచేవి అవే. యాభై దాటాక అవి నానాటికీ పలచబడతాయి. ఒంటికి దగ్గరగా పట్టుకున్న ఏడు కిలోలు వాటికి పెద్ద లెక్క కాదు. అదే బరువు చాచిన చేతి చివర, తలకంటె ఎత్తున, అందులోనూ మెలి తిరిగి వున్నప్పుడు పడితే ఎన్నో రెట్లవుతుంది. ఆ తాడు కొంచెం చినగవచ్చు, పూర్తిగా తెగనూవచ్చు. నాలాంటి చక్కెర జబ్బు మనుషులకు ఇంకో బెడద. నొప్పికి భయపడి చెయ్యి కదపకుండా వుంచితే కీలు బిగుసుకుపోవడం మనలో ఎక్కువ. నాకదే అయింది. ఫాను స్విచ్చి కూడా ఎడమ చేత్తోనే. ఆపరేషను గదిలో గౌను వెనక ముడి అందుకోలేక చిన్న డాక్టర్ల ముందు నిలబడేవాణ్ణి. నొప్పి తెలియకుండా తైలం రాయించి గట్టిగా లాగించుకోకండి. అలా వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. హఠాత్తుగా నొప్పి పుట్టి చెయ్యి లేవకపోతే వారంలోపలే ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. తాడు తెగిన సంగతి ఆలస్యంగా తెలిస్తే బాగు చెయ్యడం కష్టం.

పెట్టెకు చక్రాలు పెట్టి లాగే పద్ధతికి అమెరికాలో బెర్నార్డ్ సాడో 1972లో పేటెంటు పొందాడు. నిలబెట్టి, పొడుగు పిడితో లాక్కుపోయే పెట్టెను 1987 ప్రాంతంలో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారు చేశాడు. నేను కాకినాడ మెడికల్ కాలేజీలో చేరినప్పుడు మా నాన్నగారు సామర్లకోట స్టేషన్లో నా ట్రంకుపెట్టెను భుజాన పెట్టుకుని దింపారు. ఆయన భుజానికి ఏమీ కాలేదు. ఆయన రోజూ ఏదో ఒకటి మోసేవారు. మనం నెలంతా కలం తప్ప ఏమీ ఎత్తం. చక్రాలతో నేల మీద సుఖపడతాం. తీరా విమానంలో ఆఖరి రెండు గజాలూ ఆ బరువంతా ఒక్కసారిగా చేతి మీదికి వస్తుంది.

రెండోసారి కొనడానికి వెళ్ళినప్పుడు కొట్టువాణ్ణి పెట్టె మీద ఎక్కనివ్వలేదు. కాటా తెమ్మన్నాను. రెండున్నర కిలోల లోపున్నవి మాత్రమే చూశాను. గట్టి పెట్టెల్లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో చేసినవి చవక. దెబ్బ తగిలితే పగులుతాయి. పాలీకార్బొనేట్, పాలీప్రొపిలీన్ రకాలు వంగి మళ్ళీ యథాస్థితికి వస్తాయి. పాలీప్రొపిలీన్ తేలిక కూడాను. నేను మటుకు దట్టమైన నైలాన్ గుడ్డ పెట్టె తీసుకున్నాను. దానికి ముందు అర వుంది. పెన్నులు, రక్తపోటు మాత్రలు, డాక్టరు చీటీ అందులో వుంటాయి. ఎక్కడ ఆపినా అర నిమిషంలో తీసుకోవచ్చు. వానలో తడుస్తుందన్న మాట నిజమే. ఆషాఢంలో విమానం దాకా నడిచేటప్పుడు ఒకసారి లోపలి కాగితాలు మెత్తబడ్డాయి. ఇప్పుడు మందులకు ఒక ప్లాస్టిక్ సంచి తొడుగుతున్నాను.

చక్రాలను తిరగేసి చూడండి. రివెట్లతో బిగించినవైతే ఊడితే పెట్టే పోయినట్టు. మరలతో బిగించినవైతే మార్చుకోవచ్చు. నాలుగు చక్రాలవి నున్నటి నేల మీద పక్కనే నడిపించుకోవడానికి హాయి, చేతికి మెలి వుండదు. కాని బయటకు పొడుచుకు వచ్చి వుంటాయి, త్వరగా విరుగుతాయి. బస్టాండ్లూ, కంకర దార్లూ తొక్కేవారికి రెండు పెద్ద చక్రాలవే మన్నుతాయి. పైకి లాగే పిడిని పూర్తిగా చాచి ఊపి చూడాలి. గడగడలాడితే వదిలెయ్యండి. పక్కన కూడా చేతి పట్టీ వుండాలి. రెండు చేతులూ వెయ్యనిది పైకెత్తడానికి పనికిరాదు. కొలత చెప్పేటప్పుడు చక్రాలను వదిలేసి చెబుతారు. సాధారణంగా పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదంటే, అది చక్రాలతో సహా.

ఎత్తేటప్పుడు అరకు ఎదురుగా తిరిగి నిలబడతాను. ఒక పాదం ముందుకు వేసి, పెట్టెను ముందు సీటు చేతి మీద ఆనించి, ఒక ఊపిరి తీసుకుని, ఒంటికి ఆనించుకుంటూ రెండు చేతులతో లేపుతాను. చక్రాలు ముందు లోపలికి పోతే మిగతాది తోస్తే సరిపోతుంది. వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ. బరువుగా అనిపించిన రోజున పక్కనున్న కుర్రవాణ్ణి "బాబూ, కాస్త పెడతావా" అని అడుగుతాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

హెడ్మాస్టరు గారికి తాడు తెగలేదు, వాచిందంతే. గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకించే వ్యాయామం చెప్పాను. ఆరు వారాలకు చెయ్యి చెవి దాటింది. మళ్ళీ బెంగుళూరు వెళ్ళే ముందు తన పెట్టెను మా ఆస్పత్రికే తీసుకొచ్చి, పసిపిల్లల్ని తూచే కాటా మీద పెట్టించారు. ఖాళీగా మూడు కిలోల రెండొందల గ్రాములు.