అత్తగారి వంటింట్లో కొత్త కాపురం

ముప్పై ఏళ్ళు న్యూజెర్సీలో కాపురం చేసి 2022 జూన్‌లో గుడియాత్తం వచ్చి పడ్డాం. స్నేహితులంతా అడిగిన మొదటి ప్రశ్న "అక్కడ మీకు తోస్తుందా?" అని. తోచడం సంగతి తర్వాత. నాకు ముందు వంటింట్లో కూర్చోవడమే చేతకాలేదు. ఎందుకు కూర్చోవాలంటారా? అదే చెప్పబోతున్నాను.

వేలూరు అంటే మనవాళ్ళలో చాలామందికి సి.ఎం.సి. ఆసుపత్రి గుర్తుకొస్తుంది. ఐడా స్కడ్డర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రికి ఆంధ్ర నుంచి రోజూ ఎంతమంది వస్తారో, చుట్టుపక్కల లాడ్జీల బోర్డులు చూస్తే తెలుస్తుంది. తమిళం పక్కనే తెలుగు, బెంగాలీ. కానీ వేలూరు నుంచి ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతే గుడియాత్తం ఉందని, అక్కడ తరతరాలుగా వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని అందరికీ తెలియదు. చెన్నై-బెంగుళూరు రహదారి మీద పళ్ళికొండ దగ్గర పక్కకు తిరగాలి. లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు, ఈ మూడింటితో బతికిన ఊరు. కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక 1954లో ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడి నుంచే. ఆ మాట ఇక్కడి పెద్దవాళ్ళు నిన్న జరిగినట్టు చెబుతారు.

నేను పుట్టింది చిత్తూరులో. అది కూడా ఇక్కడికి దగ్గరే. 1911 దాకా రెండూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేవి, చిత్తూరే దానికి ముఖ్యపట్టణం. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా అయింది, గుడియాత్తం ఇటే ఉండిపోయింది. కాబట్టి నన్ను ఇచ్చింది పరాయి రాష్ట్రానికే అయినా, పెళ్ళిచూపుల్లో మా నాయన "పక్కూరే కదా" అన్నాడు. ఆయన మాట నిజమే. పెళ్ళయిన నాలుగు నెలలకే నేను అమెరికా పోవడం వేరే సంగతి.

మేము తిరిగి రావడానికి కారణం ఒక వీడియో. గుడియాత్తం నడుమ కౌండిన్య నది పారుతుంది. పారుతుంది అనడం మర్యాదకు, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. 2021 నవంబరు వానలకు అదే నది ఎవరూ ఊహించనంతగా పొంగింది. నెల్లూరుపేటలో మా ఇల్లు నదికి మరీ దూరం కాదు. మా పక్కింటి అబ్బాయి పంపిన వీడియోలో నీళ్ళు మా వంటింటి వెనక మెట్టును తాకుతున్నాయి. ఆ మెట్టు మీద మా అత్తగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. చేతిలో పోపుల పెట్టె. ఏం కాపాడుకోవాలనిపించిందో చూడండి! మావారు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడే రిటైర్‌మెంటు కాగితాలు వెతకడం మొదలుపెట్టారు.

మా మామగారి తండ్రి కట్టించిన మిద్దె అది. సున్నం గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పోసిన మద్రాసు టెర్రసు కప్పు. వంటిల్లు ఆగ్నేయం మూల. ఎర్ర గచ్చు నేల అరవై ఏళ్ళ పాదాల రాపిడికి అద్దంలా ఉండేది. పొయ్యి అరుగు నేల నుంచి జానెడెత్తు మాత్రమే. దాని పక్కన నేలలోనే పాతిన రుబ్బురోలు, గోడకు రెండు గూళ్ళు, పైన పొగ పోవడానికి చిన్న కంత. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చినా, ఆ స్టవ్వునూ అదే జానెడు అరుగు మీద పెట్టుకుని మా అత్తగారు పీట మీద కూర్చునే వండేవారు. కత్తిపీట, చాట, నీళ్ళ బిందె అన్నీ చేతికందే దూరంలో. కూర్చుంటే లేవక్కర్లేకుండా నలుగురికి వంట అయిపోయేది. పని తీరు తెలిసినవాళ్ళు అమర్చిన వంటిల్లు అది. నాకది అప్పుడు తోచలేదు.

నా మోకాళ్ళు ముప్పై ఏళ్ళు ముప్పై ఆరంగుళాల ఎత్తు కౌంటరుకు అలవాటుపడ్డవి. కూర్చుంటే లేవలేను, వంగితే నడుము పట్టేది. అమెరికా నుంచి ప్రేమగా తెచ్చుకున్న మిక్సీ మొదటిరోజే ఒక్క అరుపు అరిచి పొగ వదిలింది. 120 వోల్టుల దాన్ని 230కి తగిలించింది ఇంజనీరైన మా ఆయనే, నేను కాదు. ఇక వెనక తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఫోను చేయకుండా ఎవరైనా లోపలికొచ్చి గిన్నె మూత తీసి "ఈరోజు ఏం కూర?" అని అడగొచ్చు. అక్కడ ఎవరైనా రావాలంటే వారం ముందు చెప్పేవాళ్ళు. ఏది మేలో చెప్పలేను గానీ, మూత తీసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

2023 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టాం. మే నెల మధ్యలో గోపాలపురం గంగమ్మ శిరసు ఊరేగే పండగ ఈ ఊరికి ఏడాదిలో అతి పెద్దది. ఆలోపు ముగిస్తానని మేస్త్రీ ఒట్టేశాడు. ఇక్కడ మేస్త్రీని కొత్తనార్ అంటారు. అతను అలమార పలకలకు "కడప్పా కల్లు" వేద్దామన్నాడు. మన కడప రాయే. తమిళనాడులో ఏ పాత వంటింటి గూట్లో చూసినా ఆ నల్లరాయి ఉంటుంది, ఊరి పేరు రాయికే అతుక్కుపోయింది. అది విని మా అత్తగారికి సంతోషం కలిగింది. ఆ పనిలో ఆమెకు కలిగిన సంతోషం అదొక్కటే.

రోలు పెళ్ళగించే రోజు ఆమె పెరట్లోకి పోయి కూర్చున్నారు. అరుగు కొట్టేసి ముప్పై నాలుగంగుళాల ఎత్తున గ్రానైటు వేయించాను. నేల మీద తెల్లటి టైల్సు. పాత గచ్చు తవ్వితే ఖర్చని, దానిమీదే గాట్లు పెట్టి సిమెంటు పరిచి టైల్సు అతికించారు. సున్నం గోడలకు సిమెంటు పూశారు. కత్తిరి ఎండల్లో, పండగకు రెండు రోజుల ముందు, పాలు పొంగించాం. మా అత్తగారు గడపలో నిలబడి చూసి ఒకే మాట అన్నారు:

"బాగుండాది మే. నేను కూకునేది ఏడ?"

"కుర్చీ వేస్తాను కదత్తా," అన్నాను.

కుర్చీ వేశాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఆమెకు స్టవ్వు మీద గిన్నెలో ఏముందో కనిపించదు.

అక్టోబరులో వానలు మొదలవగానే గోడలు ఉబ్బాయి. సున్నం గోడ లోపలి చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. పొక్కులు లేచి పెచ్చులు రాలాయి. అదైనా నయం. నవంబరులో ఒక తెల్లవారుజామున మా అత్తగారు కాఫీకి నీళ్ళు పెట్టడానికి చీకట్లోనే వంటింట్లోకి వెళ్ళారు. దీపం వేసే అలవాటు ఆమెకు ఎన్నడూ లేదు. టైల్సు వేశాక నేల రెండంగుళాలు లేచిందని ఆమె కళ్ళకు తెలుసు, పాదానికి తెలియదు. తట్టుకుని పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆ రెండంగుళాలు నేను డబ్బు మిగుల్చుకున్న చోటు.

ఆరు వారాలు కట్టు. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. వంటింట్లోకి రావడం మానేశారు, అంతే. కట్టు విప్పాక కూడా రాలేదు. నేను పళ్ళెంలో పెట్టి తెచ్చింది తినేవారు, బాగుందనేవారు. 2023లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన మన ఇలవంబాడి ముళ్ళ వంకాయలు తెచ్చి గుత్తివంకాయ చేస్తే, అందులో ఉప్పు వేయడం మరిచానని నేను తిన్నాక గాని తెలియలేదు. ఆమె మాత్రం "బాగుండాది" అన్నారు. ఆరోజు నాకు భయమేసింది.

2024 జనవరిలో మళ్ళీ పగలగొట్టించాం. ఈసారి సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని వెతికాం. ఆయన గోడల సిమెంటంతా ఒలిచి సున్నమే పూశాడు. టైల్సు లేపితే కింద మా ఎర్ర గచ్చు నిండా ఉలి గాట్లు. దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. అదీ తీసేసి, పాత ఎత్తుకే కొత్త ఎర్ర గచ్చు పోశాడు. తాపీతో పొద్దస్తమానం రుద్ది, రోజుల తరబడి నీళ్ళు నిలగట్టాడు. తొట్టి దగ్గర కాలు జారకుండా పాలిష్ పెట్టని కడప రాయి వేశాడు. గ్రానైటు గట్టు నాకు ఉంచాను. ఎదురు గోడ వారగా, జానెడెత్తు అరుగు, దానిమీద ఒంటి బర్నరు స్టవ్వు. గ్యాసు గొట్టం అక్కడిదాకా లాగడానికి ఆ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. రోలు మాత్రం నేలలో మళ్ళీ పాతలేదు, పెరటి గుమ్మం పక్కన పెట్టాం. ఊరిబిండి అందులోనే నూరాలి, మిక్సీలో వేస్తే గంధమైపోతుంది.

పని అయ్యాక కూడా నేను పిలవలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున గిన్నె చప్పుడైతే లేచి వెళ్ళాను. చీకట్లో మా అత్తగారు గడప దగ్గర ఒక కాలు లోపలికి చాపి, నేలను పాదంతో రెండుసార్లు తడిమి, రెండో కాలు పెట్టారు. పీట లాక్కుని ఎడమచేతి ఊతంతో కూర్చున్నారు. నేను దీపం వేయలేదు.

కాసేపటికి అటునుంచి గొంతు వినిపించింది.

"ఏమ్మే, నిలబడుకోని చూస్తా ఉండావు? ఉప్పు జాడీ ఏడ దాపెట్టినావు?"

ఆ జాడీ ఇప్పటికి మూడు చోట్లు మారింది. రెండు నేను మార్చినవి. ప్రస్తుతం అది ఆమె అరుగు మీద ఉంది.