ఆ నర్సమ్మల కథ ఎవరు రాస్తరు?

నిన్న బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే బస్సుల నా పక్క సీట్ల ఒక నర్సింగ్ పిల్ల కూసున్నది. ఎడపల్లి రాకముందే ముచ్చట్ల పడ్డం.
పిల్లల వార్డుల డ్యూటీ అట.
"చానా దినాలున్న బాబు ఇంటికి పోయిండు మేడమ్. సంతోషమే గానీ, ఆ మంచం దిక్కు చూడబుద్ధి కాలే" అన్నది.

నాకు వీణ-వాణి యాదికొచ్చిన్రు.
2003ల తలలు అతుక్కొని పుట్టిన అక్కచెల్లెండ్లు. ఏండ్లకేండ్లు నీలోఫర్ దవాఖాననే వాళ్లకు ఇల్లు. 2017ల స్టేట్ హోంకు పోయిన్రు. 2022ల ఇంటర్ ఫస్ట్ క్లాసుల పాసయిన్రు.
పుట్టినరోజుకు కెమెరాలు పోయేటియి, కేకు కోస్తే టీవీల చూసినం.
మరి రోజూ జడలు ఎవరేసిన్రు? ఒకామెకు నిద్రొచ్చి ఇంకొకామెకు రాకపోతే పక్కన ఎవరు కూసున్నరు?
నర్సులు, ఆయాలే గదా! ఒక్క పేరన్న మనకు ఎర్కనా?

వేరే దేశంల అసొంటి నర్సు కథ ఒకటి వచ్చింది. కెనడాల 1934ల ఒక్క కాన్పుల అయిదుగురు ఆడపిల్లలు పుట్టిన్రు, డియోన్ అక్కచెల్లెండ్లు. సర్కారు వాళ్లను తల్లిదండ్రుల నుంచి తీస్కొని, ఇంటి ఎదురుంగనే నర్సరీ కట్టి, జనానికి చూపించింది. దగ్గరదగ్గర 30 లక్షల మంది చూసిపోయిన్రట. (జాతర అనాల్నా, ఏమనాల్నో!)
ఆ పిల్లల్ని సాకిన ఒక పడుచు నర్సును ఊహించి షెల్లీ వుడ్ 2019ల నవల రాసింది.

మన దగ్గర అసొంటి నవల రావాలె. డాక్టర్ల దిక్కు నుంచి కాదు, నైట్ డ్యూటీ దిక్కు నుంచి.

మీ ఇండ్లల్ల పిల్లల వార్డుల పనిచేసినోళ్లు ఉంటే కామెంట్ల రాయున్రి. పిల్లల పేర్లు వద్దు, ముచ్చట్లు చాలు.