దువ్వెన చేసే వైద్యపరీక్ష

వృత్తి విరమణ తరువాత దివిసీమలోని మా కోడూరుకు వచ్చి స్థిరపడినప్పుడు, ఏనాడైనా ఒక కుక్క బొచ్చును గురించి ఆరోగ్యవ్యాసం వ్రాస్తానని నేను ఊహించలేదు. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి ఉద్యోగరీత్యా విదేశానికి వెళుతూ తన కాకర్ స్పానియల్‌ను మా దగ్గర విడిచి వెళ్ళాడు. పేరు బంటి. తేనెరంగు ఒళ్ళు, మెడ దాటి వ్రేలాడే చెవులు, పొట్ట క్రిందా కాళ్ళ వెనుకా కుచ్చుల్లా దిగే పట్టువంటి రోమాలు. నగరంలో నెలకొకసారి దుకాణానికి తీసుకుపోయి స్నానం, కత్తిరింపు చేయించేవారట. ఇక్కడ అటువంటి వసతి లేదు. ఆ పని నేనూ నా శ్రీమతీ నేర్చుకున్నాము. ఇది అందానికి సంబంధించిన విషయం కాదనీ, ముమ్మాటికీ ఆరోగ్యానికి సంబంధించినదేననీ మాకు అర్థమైన తరువాతనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కాకర్ స్పానియల్ ఇంగ్లండులో వేటకోసం పెంచిన జాతి. వుడ్‌కాక్ అనే పక్షిని పొదలలోనుండి లేపడం దీని పని. పేరు కూడ ఆ పక్షిని బట్టి వచ్చినదే. ఆ దేశపు చలికీ ముళ్ళకంపలకూ ఆ దట్టమైన రోమాలు చక్కని కవచం. మన దివిసీమ సంగతి వేరు. కృష్ణమ్మ పాయలకూ సముద్రానికీ నడుమనున్న నేల ఇది. కాలువలు, సార్వా వరిచేలు, చేపల చెరువులు, ఉప్పుగాలి. తొలకరి మొదలు కార్తికం దాకా గాలిలో తేమ తగ్గదు. నేలను తుడుస్తూ నడిచే ఆ కుచ్చులకు బురద అంటుతుంది, ఉత్తరేణి గింజలూ పల్లేరుకాయలూ పట్టుకుంటాయి. తడిసిన రోమాలు చిక్కుపడి జడలు కడతాయి. ఆ జడ క్రింద చర్మానికి గాలి తగలదు.

“డాక్టరు గారూ, ఎందుకీ అవస్థ? దీనికి గుండు చేయించెయ్యండి, వేసవిలో చల్లగా ఉంటుంది” అని మా వీధివారు సలహా ఇచ్చారు. సదుద్దేశంతో చెప్పిన మాటే కాని పాటించదగినది కాదు. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట చాలవరకు పాదాల అడుగునే పడుతుంది. ఒంటి వేడిని అది ముఖ్యంగా రొప్పుతూ నాలుక, నోటి తడి ద్వారా తగ్గించుకుంటుంది. కనుక గుండు చేసినంత మాత్రాన చల్లబడదు సరికదా, లేత చర్మం నేరుగా ఎండకు గురవుతుంది. ఈ జాతి కుక్కలకు చర్మం దాకా గొరిగితే రోమాలు కొన్నిసార్లు మునుపటిలా రాక, దూదిలా మొలుస్తాయి. పాదాల నడుమ, పొట్ట క్రింద, చెవుల లోపలి వైపు రోమాలను కురచగా కత్తిరించి, మిగిలినవి దువ్వుకుంటే చాలు.

దువ్వడానికి ఒక క్రమం ఉన్నది. స్నానానికి ముందే దువ్వాలి. చిక్కుల మీద నీరు పడితే అవి మరింత బిగుసుకుంటాయి. ముందుగా సన్నని తీగపళ్ళ బ్రష్షు, ఆ తరువాత ఉక్కు దువ్వెన వాడాలి. చిక్కును మొదట్లో వేళ్ళతో పట్టుకొని కొసలనుండి మొదటివైపు కొద్దికొద్దిగా విడదీస్తే కుక్కకు నొప్పి ఉండదు. చెవుల వెనుక, ముందుకాళ్ళ చంకలలో, గజ్జలలో, మెడపట్టీ క్రింద చిక్కులు ఎక్కువ. విడిపోని జడను కత్తిరించవలసి వస్తే, దువ్వెనను చర్మానికీ జడకూ మధ్య దూర్చి, దువ్వెనకు పైభాగంలోనే కత్తెర ఆడించాలి. జడతోపాటు చర్మం కూడ పైకి లేచి వస్తుంది కనుక ఈ జాగ్రత్త లేకపోతే చర్మం తెగుతుంది.

స్నానం మూడు నాలుగు వారాలకొకసారి చాలును. మన చర్మం కొంత ఆమ్లస్వభావం కలది. కుక్క చర్మం తటస్థస్థితికి దగ్గరగా ఉంటుంది. అందుచేత మన షాంపూలు దానికి పనికిరావు. కుంకుడురసం కంట్లో పడితే మనకే ఓర్వలేని మంట. నోరులేని జీవానికి చెప్పుకొనే వీలు కూడ లేదు. గోరువెచ్చని నీళ్ళు, కుక్కలకోసం తయారైన షాంపూ వాడి, నురగ మిగలకుండా కడగాలి. స్నానం కంటే ముఖ్యమైనది ఆరబెట్టడం. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పంకా క్రింద కూర్చోబెట్టి, మొదళ్ళ వరకు ఆరేదాకా దువ్వుతూ ఉండాలి. తడి నిలిచిన చోట కుక్క నాకుతూ గోకుతూ ఉంటే, కొద్ది గంటలలోనే అరచేతి వెడల్పున చర్మం ఎర్రబడి రసి కారుతుంది.

చెవుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కుక్క చెవి రంధ్రం నిలువుగా దిగి, అక్కడినుండి అడ్డంగా లోపలికి మలుపు తిరుగుతుంది. దానిపై స్పానియల్ చెవి మూతలా వ్రేలాడుతుంది. చీకటి, వెచ్చదనం, తడి కలిసిన ఆ చోటు ఈస్టు జాతి శిలీంధ్రాలకు, బాక్టీరియాలకు మంచి నివాసం. పులిసిన వాసన, తల విదిలించడం, చెవి గోక్కోవడం, గోధుమరంగు గులిమి కనబడితే పశువైద్యునికి చూపించాలి. దూదిపుల్లలు పెడితే గులిమి మరింత లోపలికి పోతుంది. నూనెలు పోయరాదు. పసిపిల్లల చెవులలో నూనె పోయవద్దని నా వృత్తిజీవితమంతా తల్లులకు చెప్పుతూ వచ్చాను. అదే మాట ఇక్కడా చెల్లుతుంది.

ఈ శ్రమ అంతటికీ ఫలితం ఏమిటో కిందటి ఏడు ఆశ్వయుజంలో తెలిసింది. ఒక ఉదయం బంటి పొట్ట క్రింద రోమాలను పాయలు తీస్తూ నా శ్రీమతి, “ఏమండీ, ఇలా వచ్చి చూడండి” అని పిలిచింది. రోమాల నడుమ తెల్లని చర్మంపై ఆవగింజలకంటే చిన్నవైన ఎర్రని చుక్కలు. వ్రేలితో నొక్కినా రంగు మాయలేదు. డెంగీ జ్వరాలలో రక్తఫలకికలు తగ్గినవారి చర్మంపై నేను ఎన్నోసార్లు చూసిన చుక్కలే అవి. చెవి మొదట్లో వెదికితే మూడు పిడుదులు కరచుకొని ఉన్నాయి. చిగుళ్ళు పాలిపోయాయి. కుక్కల సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. వాడికి 104 ఉన్నది. అయినా ముందురోజు వరకు వాడు తిండి మానలేదు, తోక ఊపడం మానలేదు. అదే రోజు పశువైద్యుని వద్దకు తీసుకొనిపోయాము. రక్తపరీక్షలో ఎర్లీఖియా అని తేలింది. పిడుదులు వ్యాపింపజేసే ఈ వ్యాధిలో రక్తఫలకికలు పడిపోతాయి. ఆలస్యమైతే రక్తస్రావంతో ప్రాణం పోవచ్చు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. బంటి కోలుకున్నాడు. అంత దట్టమైన జూలు క్రింద ఆ చుక్కలు దూరంనుండి చూసేవారికి కనబడేవి కావు. దువ్వెన పట్టిన చేతికే అవి దొరికాయి.

పిడుదును తీయడానికి పట్టకారుతో చర్మానికి అతి దగ్గరగా పట్టుకొని, మెలిపెట్టకుండా తిన్నగా లాగాలి. కిరసనాయిలు పోయడం, నిప్పు తగిలించడం, వట్టిచేతులతో నలపడం ప్రమాదకరం. తీసినదాన్ని స్పిరిట్‌లో వేసి పారవేయాలి. పిడుదుల మందు పశువైద్యుడు చెప్పినదే వాడాలి. పెర్మెత్రిన్ ఉన్న మందులు కుక్కలకు పనికివచ్చినా పిల్లులకు ప్రాణాంతకం. రెండూ ఉన్న ఇళ్ళలో ఈ మాట మరువరాదు.

ఇంటివారి ఆరోగ్యం కూడ ఇందులో ఇమిడి ఉన్నది. కుక్కల తామర, గజ్జి మనుషులకు అంటుకొంటాయి. రోమాలు గుండ్రంగా రాలిన మచ్చ కనబడితే పిల్లలను దూరంగా ఉంచి చికిత్స చేయించాలి. ఎలుకల మూత్రం కలిసిన పొలాల నీటిద్వారా లెప్టోస్పైరోసిస్ కుక్కలకూ మనుషులకూ కూడ వస్తుంది. కనుక బురదలో తిరిగి వచ్చిన కుక్కను కడిగేటప్పుడు చేతులకు పుండ్లు, గాయాలు ఉంటే తొడుగులు వేసుకోవాలి; పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రేబిస్ టీకా సమయానికి వేయించాలి. చిక్కు తీస్తుండగా నొప్పితో కుక్క కరచినా, గోళ్ళతో రక్కినా, “మన కుక్కే కదా” అని ఊరుకోకూడదు. గాయాన్ని ధారగా పడే నీటిక్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యుని సంప్రదించాలి.

మరొక లాభం మా ఇంట్లోనే కలిగింది. నా శ్రీమతికి పద్నాలుగేళ్ళుగా మధుమేహం ఉన్నది. పాదాలను రోజూ పరీక్షించుకోమని చెప్పితే, “చూసుకుంటున్నాను లెండి” అనేది. బంటి కాలివ్రేళ్ళ నడుమ ఉత్తరేణి గింజలు ఏరుతూ ఏరుతూ, ఒకనాడు తన పాదాన్ని కూడ త్రిప్పి చూసుకున్నది. మడమ దగ్గర చిన్న పగులు, దాని అంచున చీము. ఆమెకు నొప్పి తెలియలేదు. మధుమేహంలో పాదాల స్పర్శ మందగించడమే అందుకు కారణం. తొలిదశలో పట్టుబడినందున శుభ్రపరచడం, మందులతోనే పది రోజులలో మానింది. ఇప్పుడు రాత్రి పడుకోబోయే ముందు చిన్న అద్దం నేలమీద ఉంచి అరికాళ్ళు చూసుకుంటున్నది.

మీ ఇంట్లో బొచ్చుకుక్క ఉంటే వారానికి మూడుసార్లు, పావుగంట చొప్పున దువ్వండి. వానకాలంలో రోజూ దువ్వండి. దువ్వేటప్పుడు చర్మం, చెవులు, చిగుళ్ళు, కాలివ్రేళ్ళ సందులు చూడండి. కొత్తగా గడ్డ, పుండు, చుక్క, దుర్వాసన ఏది తోచినా తేదీతో సహా వ్రాసుకొని పశువైద్యునికి చెప్పండి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే వారి పాదాలను కూడ అదే శ్రద్ధతో చూడండి.