మంచు దేశములో మట్టల చెట్టు



తాటిచెట్టు ఎండ దేశపు చెట్టని మనకు తెలుసు. అయితే మంచు కురిసే ఇంగ్లాండులో కూడా ఇండ్ల ముందు తాటిని పోలిన చెట్టు ఒకటి పెరుగుతుంది. మా సంఘములో పెరిగి, అక్కడ నర్సుగా పనిచేస్తున్న ఒక సహోదరి పెరటిలో మేమిద్దరము దానిని చూచాము. దాని పేరు చూసాన్ పామ్.

దాని పుట్టిల్లు చైనా. రాబర్ట్ ఫార్చ్యూన్ అను స్కాట్లాండ్ దేశస్థుడు 1849లో చైనాలోని చూసాన్ దీవి నుండి ఆ మొక్కలను ఇంగ్లాండుకు పంపించాడు. ఆకు మన తాటాకు వలె విసనకర్ర ఆకారములో ఉంటుంది. మాను చుట్టూ పీచు దట్టముగా అల్లుకొని ఉంటుంది. చైనాలో ఆ పీచుతో త్రాళ్లు పేనేవారు. తాటిలో వలెనే పోతుచెట్టు, పెంటిచెట్టు వేరు. బాగా వేరూనిన చెట్టు సున్నకు దిగువ 10 డిగ్రీల చలిని కూడా ఓర్చుకొంటుంది.

దానిని వసంతములో నాటితే చలి ముదిరేలోగా వేళ్లు పట్టుకొంటాయి. నీరు నిలిచే నేల పనికిరాదు. గాలి కొట్టే చోట ఆకులు చీలిపోతాయి గనుక గోడ చాటు మంచిది. గట్టి చలిలో లేత మొక్క ఆకులను పైకి కలిపి కట్టి, గాలి ఆడే గుడ్డ చుట్టాలి. ప్లాస్టిక్ కాగితముతో బిగించి వదిలేస్తే లోపల చెమ్మ చేరి కుళ్లుతుంది. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ మానుకు ఉన్నది ఒకే మొవ్వు. ఆకులు మాడితే మళ్లీ వస్తాయి. మొవ్వు చస్తే చెట్టు చచ్చినట్లే.

ఆ సహోదరి తల్లి, "నా బిడ్డ దేవుని విడిచిపెట్టింది" అని మా యెదుట ఎన్నోసార్లు ఏడ్చింది. ఫోనులో ప్రతి ఆదివారము అదే గద్దింపు. చివరకు కూతురు ఫోను ఎత్తుట తగ్గించింది. ఆమె మాతో అన్నది: "అయ్యగారూ, ఆదివారము డ్యూటీ పడితే ఆరాధన పోతుంది. కాని తెల్లవారి ప్రార్థన ఒక్కరోజు మానలేదు. అమ్మ ఆ సంగతి ఎన్నడూ అడుగదు."

తల్లి చూచినది మాడిన ఆకును. మొవ్వు బ్రతికే ఉన్నది. తిరిగి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఆ తల్లి చాలాసేపు మౌనముగా కూర్చున్నది. ఆ రాత్రి తానే ఫోను చేసి, కూతురితో కలిసి ప్రార్థన చేసుకొన్నది.

పూర్వము ఇంగ్లాండులో మట్టల ఆదివారమునకు మట్టలు దొరకక, ఆ నేలలో చిగిర్చే విల్లో కొమ్మలు పట్టుకొనేవారు. స్తుతి మాత్రము ఆగలేదు.

92వ కీర్తన నీతిమంతుని ఖర్జూర వృక్షముతో పోల్చింది. ప్రియ తల్లిదండ్రులారా, దూరదేశములోనున్న మీ బిడ్డలకు మీ ప్రార్థన కప్పుగా ఉండవలసినదే. అయితే గాలి ఆడనివ్వండి. "గుడికి వెళ్లావా?" అని గద్దించే ముందు, "ఈ ఉదయము దేవునితో ఏమి మాట్లాడావు, అమ్మా?" అని ప్రేమతో అడగండి. మొవ్వును కాచువాడు ప్రభువే.