గుట్ట మీది జెముడుకు గీత గీసేదెవరు?

మన నాందేడ్ తెలుగు ఇళ్ళల్లో మిద్దె మీద కాక్టస్ కుండీలు పెరుగుతున్నాయి. నీళ్ళు పెద్దగా అడగవు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అందుకే ఈ వారం వాటి గురించి నాలుగు మాటలు.

నిజానికి కాక్టస్ మన దేశపు మొక్క కాదు. చేల గట్ల మీద కనిపించే నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. బొమ్మజెముడు మనదే కానీ దాని వంశం వేరు. గిల్లితే పాలు కారతాయి.

సొంత గడ్డ మీద కాక్టస్ కష్టంలో ఉంది. 1,478 జాతులను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో వచ్చింది. వాటిలో 31 శాతానికి అంతరించే ముప్పు ఉందని తేల్చింది. కారణాలు సాగు, మేత, కట్టడాలు. వాటికి తోడు కుండీల సరదా కోసం అడవి మొక్కలను దొంగతనంగా పెకలించడం.

మరి సంరక్షిత ప్రాంతాలు లేవా? ఉన్నాయి. మెక్సికోలో టెహువాకాన్-క్యూకాట్లాన్ లోయ 1998 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అక్కడ కాక్టస్ అడవులే ఉన్నాయి. కానీ చాలా కాక్టస్ జాతులు ఒకటి రెండు కొండలకే పరిమితం. పెద్ద గీత గీసినా ఆ కొండ అవతల పడితే లాభం లేదు. చిలీ ఎడారిలో పెరిగే కోపియపోవా మొక్కలు వెయ్యికి పైగా 2020లో ఇటలీలో ఒక ఇంట్లో పట్టుబడ్డాయి. మరుసటి ఏడాది వందల మొక్కలను చిలీకి తిప్పి పంపారు. కానీ పీకిన మొక్కను మళ్ళీ అదే బండ సందులో బతికించడం తేలిక కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నాందేడ్, యవత్మాల్ జిల్లాల్లో పైన్‌గంగా అభయారణ్యం ఉంది. అది టేకు అడవి. మరి దెగ్లూర్, బిలోలి వైపు రాతి గుట్టలకు దిక్కెవరు?

దక్కన్ రాతి గుట్టల్లో కాక్టస్‌లాగే కండపట్టిన కాడలతో పెరిగే మొక్క కుందేటి కొమ్ములు. పశువుల కాపరులు ఆకలికి ఆ కాడలు నమిలేవాళ్ళు. ఇప్పుడు అదే మొక్క సారం బరువు తగ్గించే మాత్రల్లోకి వెళ్తోంది. అది పెరిగే పొదల నేలను మాత్రం ప్రభుత్వపు బంజరు భూముల అట్లాస్ బంజరుగానే లెక్కగడుతుంది. ఆ అట్లాస్ తయారయ్యేది మన హైదరాబాదులోనే. బంజరు అని పేరు పడితే చాలు, క్వారీకైనా వెంచర్‌కైనా అడ్డు చెప్పేవాళ్ళుండరు. పచ్చదనం పేరుతో గుంతలు తవ్వి మొక్కలు నాటినా, అక్కడ ముందునుంచీ ఉన్నవే పోతాయి.

ముళ్ళపొదలకు రక్షణ దొరికిన కథ కూడా మన తెలుగు నేల మీదే ఉంది. 1986లో కడప జిల్లాలో కలివికోడి మళ్ళీ కనబడింది. దాని పేరు మీదే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ సైతం దారి మార్చుకుంది. అంటే పొదను కాపాడింది పిట్ట. పిట్ట లేని గుట్టను ఎవరు కాపాడాలి?

దానికీ దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, మున్సిపాలిటీకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్ళో ఉన్న చెట్టూ పుట్టా రాసే రిజిస్టరు దాని దగ్గరే ఉంటుంది. చిన్న తావును కూడా జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే వీలు ఆ చట్టంలోనే ఉంది. 2016లో హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువుకు ఆ గుర్తింపు వచ్చింది. పెద్ద అభయారణ్యానికి అందని గుట్టకు ఈ చిన్న గీత సరిపోతుంది.

కాబట్టి మనం చేయగలిగింది రెండే పనులు. ఒకటి, కాక్టస్ కొనేటప్పుడు నర్సరీలో పెంచిందా, అడవిలో పీకిందా అని అడుగుదాం. రెండు, సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మన సొంతూళ్ళకు పోయినప్పుడు, గుట్ట మీద ఏమేం పెరుగుతున్నాయో పెద్దవాళ్ళను అడిగి ఆ రిజిస్టరులో రాయిద్దాం. పేరు తెలిసినవాళ్ళు ఉన్నప్పుడే రాయించాలి. ఆ పేర్లు రిజిస్టరులో ఉన్న గుట్టను బంజరు అని కొట్టిపారేయడం ఎవరికైనా కష్టమే.