రంగు తీసేస్తే ఏం మిగులుతుంది?

రాకెట్ అనగానే మన బళ్లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది శ్రీహరికోట. నేను రాయబోయేది మాత్రం చేత్తో పట్టుకొని ఆడే టెన్నిస్ రాకెట్ గురించి. మన గుడియాత్తంలో దాన్ని కూడా బ్యాట్ అనే అంటారు కాబట్టి నేనూ బ్యాట్ అనే రాస్తాను. నాకు టెన్నిస్ ఆడటం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. మాది మగ్గం ఇల్లు, లుంగీలు నేస్తాము. అయినా ఒక ఏడాదిగా ఈ బ్యాట్ గురించి ఆలోచిస్తా ఉన్నాను. దానికి కారణం 'ఒరిజినల్' అనే ఒక్క మాట.

ఈ మాట మనం రోజూ వింటాము. అంగట్లో "ఇది ఒరిజినల్, అది డూప్లికేట్" అంటారు. సైన్స్ ఎగ్జిబిషన్ వచ్చిందంటే టీచర్లు "ఒరిజినల్‌గా ఏదైనా చేసుకొని రండి" అంటారు. తెలుగులో ఈ ఒక్క మాటకు మూడు మాటలు ఉన్నాయి: అసలు, కొత్త, సొంతం. నకలు కానిది అసలు. ఇంతకుముందు లేనిది కొత్త. మన బుర్రలో పుట్టింది సొంతం. ఒక వస్తువు ఈ మూడూ అయిందని ఎట్ల తెలుసుకోవాలి?

మా పెదనాయన కొడుకు వేలూరులో ఒక ఆటసామాన్ల షాపులో పని చేస్తాడు. బ్యాట్లకు గట్టింగ్ వేయడం ఆయన పని. సెలవుల్లో ఒకరోజు అక్కడ కూర్చొని చూసినాను. ముందు నిలువు తీగలన్నీ బిగించినాడు. తర్వాత అడ్డ తీగను ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి దూర్చుకుంటా పోయినాడు.

"అన్నా, ఇది పడుగూ పేకే కదా!" అన్నాను.

"అందుకే గదమ్మా నాకీ పని తొందరగా పట్టుబడింది" అని నవ్వినాడు.

తర్వాత అన్న రెండు బ్యాట్లు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పేర్లు వేరు, ధరలు వేరు. "చట్రం మీద చెయ్యి పెట్టి చూడు. రెండూ ఒకే అచ్చులో పోసినవి. పోయిన ఏడాది నీలం రంగు వేసినారు, ఈ ఏడాది ఎరుపు వేసినారు" అన్నాడు. అన్ని బ్యాట్లూ ఇట్ల ఉండవని కూడా చెప్పినాడు. పెద్ద పెద్ద ఆటగాళ్లలో కొందరు దీనికి తిరగేసిన పని చేస్తారంట. తమ చేతికి అలవాటైన పాత చట్రానికే కొత్త మోడల్ రంగు వేయించుకొని ఆడతారంట. చూసేవాళ్లు కొత్త బ్యాట్ అనుకుంటారు.

ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. రంగు తీసేస్తే ఏం మిగులుతుంది? ఆ మిగిలిన దాంట్లో కొత్త ఏముంది? దీని గురించి లైబ్రరీలో చదివి, సార్‌ను అడిగి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను.

మొదట్లో టెన్నిస్ బ్యాట్లన్నీ కర్రవే. సన్నటి కర్ర పట్టీలను జిగురుతో అతికించి, గుండ్రంగా వంచి చేసేవాళ్లు. వానాకాలంలో అవి వంకర పోకుండా నాలుగు మూలలా మరలున్న బిగింపు చట్రంలో పెట్టేవాళ్లు. చాలా ఏళ్లు బ్యాట్ అంటే అదే. రెనె లాకోస్ట్ అనే ఫ్రాన్స్ ఆటగాడు ఉక్కు గొట్టంతో చేసిన బ్యాట్‌కు పేటెంట్ అడిగినాడు. 1967లో విల్సన్ కంపెనీ దాన్నే టి2000 అనే పేరుతో అమ్మింది. జిమ్మీ కానర్స్ దాంతో ఆడి గెలిచినాడు. కర్ర పోయి ఉక్కు వచ్చింది, అయితే తల మాత్రం దాదాపు పాత సైజులోనే ఉండిపోయింది.

ఆ సైజును మార్చింది హోవర్డ్ హెడ్ అనే అమెరికా ఇంజనీరు. ఆయన కథ నాకు చాలా నచ్చింది. ఆయన ముందు విమానాలు తయారుచేసే కంపెనీలో పని చేసినాడు. విమానాలకు అల్యూమినియం రేకులను పొరలు పొరలుగా అతికించే పద్ధతి అక్కడ చూసి, మంచు మీద జారే స్కీలను లోహంతో చేసినాడు. వయసు మీద పడినాక టెన్నిస్ నేర్చుకోవడం మొదలుపెట్టినాడు. సరిగ్గా ఆడలేకపోయినాడు. బంతి బ్యాట్ నడిమధ్యలో తగలకుండా పక్కకు తగిలితే చేతిలో బ్యాట్ గిర్రున తిరిగిపోయేది.

అందరూ ఇట్లాంటప్పుడు 'నాకు ఆట రాదు' అనుకుంటారు. ఆయన 'బ్యాట్ ఎందుకు తిరుగుతోంది?' అని అడిగినాడు. దీని జవాబు మన ఫిజిక్స్ పాఠంలోనే ఉంది, కానీ కావడితో చెబితే సులభంగా తెలుస్తుంది. ఆడికృత్తికకు కావడి ఎత్తేవాళ్లను చూసినారు కదా. బరువు రెండు కొసల్లో, భుజానికి దూరంగా ఉంటే ఒక్కసారిగా తిరగడం కష్టం. అదే బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే సులభంగా తిరగొచ్చు. బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. దూరం రెండింతలైతే ఆ కష్టం నాలుగింతలవుతుంది. అందుకని హెడ్ బ్యాట్ తలను వెడల్పు చేసినాడు. బరువు పెంచలేదు, పొడుగు పెంచలేదు. కర్ర బ్యాట్ తల సుమారు 70 చదరపు అంగుళాలుంటే ఆయనది 110. 1976లో దానికి అమెరికాలో పేటెంట్ వచ్చింది. ప్రిన్స్ అనే పేరుతో ఆ బ్యాట్లు అంగళ్లకు వచ్చినాయి. చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. 1978లో పామ్ ష్రైవర్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఆ పెద్ద బ్యాట్ పట్టుకొని యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా పోయింది. నవ్వులు తగ్గిపోయినాయి.

ఇందులో నేను గమనించింది ఒకటే. ఆ బ్యాట్ మీది రంగంతా గీకేసినా దాని కొత్తదనం పోదు. అది చట్రంలో ఉంది. ఆ చట్రం వెనక ఒక ఇబ్బంది ఉంది, ఆ ఇబ్బందికి ఒక కారణం కనిపెట్టిన మనిషి ఉన్నాడు.

పూర్తిగా కొత్తదై ఉండి కూడా ఆటలో నిలవనిది ఇంకోటి ఉంది. 1977 ప్రాంతంలో జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ తీగలను వేరే రకంగా కట్టినాడు. నిలువు తీగలు ముందొక వరుస, వెనకొక వరుస. మధ్యలో అడ్డ తీగలు. అవి ఒకదాన్నొకటి పైనా కిందా దాటవు, అల్లిక లేదు. బంతి తగిలినప్పుడు తీగలు పక్కకు జారి మళ్లీ వెనక్కు వచ్చేవి. బంతి విపరీతంగా సుళ్లు తిరిగేది. దాన్ని స్పఘెట్టి బ్యాట్ అన్నారు. ఆ ఏడాది ఇలీ నస్టాసే ఆ బ్యాట్‌తో ఆడుతుంటే, మట్టి కోర్టుల మీద అప్పటిదాకా వరసగా గెలుస్తున్న గిల్లెర్మో విలాస్ విసుగొచ్చి ఫైనల్ మధ్యలోనే తప్పుకున్నాడు. అంతవరకూ బ్యాట్ ఎట్ల ఉండాలి అని టెన్నిస్‌లో నియమమే లేదు. 1978లో నియమం రాసినారు: తీగలు ఒకదాని మీద ఒకటి దాటుతూ అల్లుకొని ఉండాలి, లేదా కలిసే చోట అతుక్కొని ఉండాలి.

ఈ సంగతి మా తాతకు చెబితే "సరిగ్గానే రాసినారు. పడుగూ పేకా కలవకపోతే అది గుడ్డెట్ల అవుతుంది?" అన్నాడు.

మన దేశంలో చట్టం ఏం చెబుతుందో కూడా సార్ వివరించినారు. వస్తువు పనిచేసే తీరులో కొత్తదనం ఉంటే పేటెంట్, అది 20 ఏళ్లు. కంటికి కనిపించే ఆకారం, నమూనా, రంగుల అమరిక కొత్తదైతే డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయవచ్చు. అది 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఆ చట్టంలో ఒరిజినల్ అనే మాటకు చెప్పిన అర్థం విని ఆశ్చర్యపోయినాను. చేసినవాడి దగ్గర పుట్టినది ఒరిజినల్. అంతేకాదు, పాతవే అయినా కొత్త పనికి వాడినవి కూడా ఒరిజినలే. హోవర్డ్ హెడ్ చేసింది అదే కదా! బరువు దూరంగా ఉంటే తిరగడం కష్టమని ఆయన కనిపెట్టలేదు. ఎప్పటినుంచో ఉన్న ఆ సంగతిని బ్యాట్‌కు వాడినాడు.

మన తెలుగువాళ్లలో దీనికి మంచి ఉదాహరణ చింతకింది మల్లేశం గారు. తెలంగాణలో ఆలేరు దగ్గర చేనేత కుటుంబంలో పుట్టినారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్ల అమ్మ లక్ష్మి గారికి ఆ పనితో భుజం నొప్పి. ఆ నొప్పి చూడలేక ఆయన ఏళ్లతరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేసినారు. అమ్మ పేరే పెట్టినారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ వచ్చినాయి. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. ఆయనకు తెలిసిందల్లా నొప్పి ఎక్కడ ఉందో.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా తాత రెండేళ్ల కిందట ఒక లుంగీ నమూనా వేసినాడు. మామూలుగా లుంగీకి రెండు అంచులూ ఒకే మాదిరి ఉంటాయి, ఎట్ల తిప్పి కట్టినా ఒకటే. తాత పడుగులో రంగుదారాల లెక్క మార్చి, ఒక అంచు వైపు గళ్లు ముదురుగా, దగ్గర దగ్గరగా పెట్టినాడు. పైకి పోయేకొద్దీ గళ్లు పెద్దవై రంగు లేతబడుతుంది. ఎందుకంటే సైకిల్ తొక్కేవాళ్లకు, మట్టిలో పని చేసేవాళ్లకు మరకలు పడేది కింది అంచునే. "కింద మాసినా తెలియగూడదు, పైన చూస్తే తెల్లగా ఉండాల" అని తాత ఆలోచన. నాలుగు లుంగీలు నేసి ఒక వ్యాపారికి చూపించినాడు. ఆయన "చూసి చెబుతా" అని తీసుకుపోయినాడు. ఆర్డరు రాలేదు. ఐదారు నెలలకు అవే రంగులతో పవర్‌లూమ్ లుంగీలు బజారుకు వచ్చినాయి, మా ధరలో సగానికి. ఆ దీపావళికి మా రెండు మగ్గాల్లో ఒకటి ఆపేసినాము. నాయన ఇప్పుడు పగలు వేరే పనికి పోతా ఉన్నాడు.

నాయన ఆ లుంగీ ఒకటి కొనుక్కొని వచ్చినాడు. తాత దాన్ని మంచం మీద పరిచి చాలాసేపు చూసినాడు. "పాపా, ఇది చూడు. ముదురు గళ్లు రెండు అంచులకూ పెట్టినాడు. అందంగా ఉంటుందని పెట్టినాడు. ఎందుకు పెట్టినానో వాడికి తెలియలేదు" అన్నాడు.

నేను కోపంతో "మన గళ్లు దొంగిలించినారు తాతా" అంటే, "గళ్లు నాయి అని నేనెట్ల చెప్పేది? మా నాయన కూడా గళ్లే నేసినాడు, వాళ్ల నాయన కూడా గళ్లే" అన్నాడు.

ఈ మాటకు జవాబు వెతకడానికి నాకు చాలా రోజులు పట్టింది. బ్యాట్ మీద రంగు పూత. గీకితే పోతుంది. లుంగీలో రంగు దారమే. మగ్గానికి పడుగు ఎక్కించక ముందే ఏ దారం పక్కన ఏ దారమో లెక్క అయిపోవాలి. అంటే లుంగీకి రంగుల లెక్కే చట్రం. గళ్లు పాతవి, తాత చెప్పింది నిజం. మరకలు పడే చోటు చూసి గళ్లను అమర్చడం మాత్రం తాతది. నకలు చేసినవాడికి రంగులు దొరికినాయి, కారణం దొరకలేదు. చట్టం చెప్పిన 'పాతదే అయినా కొత్త పనికి వాడినది' అనే మాట తాత లుంగీకి కూడా సరిపోతుందని నేను అనుకుంటున్నాను.

అయితే దీని వల్ల మా ఆర్డరు తిరిగి రాలేదు. ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది: రిజిస్టర్ చేయక ముందే బయట పెట్టేసిన డిజైను కొత్తది కాదు. తాత నలుగురికీ చూపించేసినాడు. కొనేవాళ్లు కూడా తక్కువ ధర చూస్తారు, కారణం చూడరు. వాళ్లను తప్పు పట్టలేను. మేము కూడా అంగట్లో తక్కువ ధర ఉన్నదే కొంటాము.

తాత ఇప్పుడు ఇంకో నమూనా ఆలోచిస్తా ఉన్నాడు. అదేమిటో ఇక్కడ రాయను. ఈసారి ఎవరికీ చూపించక ముందే రిజిస్టర్ చేసే దారి కనుక్కుంటామని సార్ చెప్పినారు.

మన బళ్లో మగ్గం ఇళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. మీ తాతలు, అవ్వలు వేసిన నమూనాలు మీ ఇళ్లల్లో కూడా ఉంటాయి. అవి వాళ్ల తలలో మాత్రమే ఉంటే వాళ్లతోనే పోతాయి. నేను ఒక 200 పేజీల నోటుబుక్కు పెట్టినాను. ఒక్కో పేజీకి ఒక నమూనా. పైన తేదీ, దాని కింద దారాల లెక్క, పక్కన రంగుదారం ముక్కలు అంటిస్తాను. కింద ఒక వరుస ఖాళీగా వదిలి, తాతను అడిగి నింపుతాను. ఆ వరుసకు నేను పెట్టిన పేరు: 'ఇట్ల ఎందుకు?'